తప్పిపోయిన గోత్రాలు గద్దెమీదే దొరికాయి

క్రీస్తుపూర్వం 722 ప్రాంతంలో అష్షూరు రాజులు పది గోత్రాల ఇశ్రాయేలు ఉత్తర రాజ్యాన్ని కూల్చి జనాన్ని చెరపట్టుకుపోయారు. కొందరు ఊళ్లోనే మిగిలారు, పోయినవాళ్లు పోయినచోట జనంలో కలిసిపోయారు. చరిత్రకారులు చెప్పే ఈ సాదా కథ ఇంగ్లండు పెద్దమనుషులు కొందరికి రుచించలేదు. ఆ పది గోత్రాల కోసం వెతికారు. ఎక్కడో కాదు, వాళ్లింట్లోనే దొరికాయి!

1790లలో రిచర్డ్ బ్రదర్స్ అనే మాజీ నౌకాధికారి, తాము యూదులమని తమకే తెలియనివాళ్లు ఇంగ్లండులో బోలెడుమంది ఉన్నారనీ, వాళ్లను యెరూషలేముకు నడిపించే రాజు తానేననీ ప్రకటించాడు. 1795లో ప్రభుత్వం అతన్ని పిచ్చాసుపత్రికి పంపింది. 1870లలో ఎడ్వర్డ్ హైన్ దాదాపు అదే సంగతిని 47 రుజువులతో అచ్చు వేయిస్తే మాత్రం జనం కొనుక్కుని చదివారు. మధ్యలో సామ్రాజ్యం పెరిగింది మరి. సగం లోకం చేతికొచ్చాక పిచ్చిని సిద్ధాంతం అంటారు.

రుజువులా? సాక్సన్లంటే ‘ఇస్సాకు సన్స్’ అట. డాన్యూబ్ నది, డెన్మార్క్ దేశం దాను గోత్రంవాళ్లు దారిపొడుగునా వదిలిన గుర్తులట. పట్టాభిషేకపు సింహాసనం కింది రాయి, బేతేలులో యాకోబు తలకింద పెట్టుకున్న రాయేనట. ఆ ఇసుకరాయి స్కాట్లండులోని స్కోన్ చుట్టుపక్కలదేనని భూగర్భ శాస్త్రజ్ఞులు తేల్చారు. అంటే యాకోబు ఒక్క రాత్రి కునుకు కోసం స్కాట్లండు నుంచి దిండు తెప్పించుకున్నాడన్నమాట.

నిబంధన మందసం ఐర్లండులో ఉందని ఈ సిద్ధాంతంవాళ్లే 1899 నుంచి 1902 దాకా అక్కడి తారా కొండను తవ్వారు. కవి యేట్స్ లాంటివాళ్లు గగ్గోలు పెట్టాక తవ్వకం ఆగింది. మందసం దొరకలేదు, ఐర్లండువాళ్ల పురాతన కట్టడం మాత్రం గుల్లయింది.

ఆ రోజుల్లోనే అసలు యూదులు రష్యా హింస తప్పించుకుని మూటాముల్లెతో లండన్ రేవులో దిగుతున్నారు. తప్పిపోయిన బంధువులొచ్చారని దేశం హారతి పట్టిందా? 1905లో ఏలియన్స్ యాక్ట్ తెచ్చి తలుపు సగం మూసింది. చెరపట్టబడినవాళ్ల వంశం కావాలి, చెర వద్దు. యాకోబు దీవెన కావాలి, యాకోబు పిల్లలు వద్దు.

ఇదే సరుకును అమెరికాలో హెర్బర్ట్ ఆర్మ్‌స్ట్రాంగ్ రేడియోలో అమ్మాడు: ఎఫ్రాయిము అంటే బ్రిటన్, మనష్షే అంటే అమెరికా. 1986లో ఆయన పోయాక, 1990లలో ఆయన సంఘమే ఆ బోధను వదులుకుంది. ‘క్రిస్టియన్ ఐడెంటిటీ’ పేరుతో ఇంకో శాఖ మాత్రం తెల్లవాళ్లే అసలు ఇశ్రాయేలీయులనీ, యూదులు సాతాను సంతానమనీ తేల్చింది. అక్కడితో నవ్వులాట అయిపోయింది, తుపాకులు వచ్చాయి.

మన గుంటూరు జిల్లా చేబ్రోలు దగ్గర కొత్తరెడ్డిపాలెంలో బెనె ఎఫ్రాయిము అనే చిన్న సమాజం ఉంది. మాదిగ కుటుంబాలు. తాము ఎఫ్రాయిము సంతతివాళ్లమని చెప్పుకుంటారు, ప్రార్థనామందిరం కట్టుకుని సబ్బాతు పాటిస్తారు. వాళ్లమాట రుజువైందని నేననను. కానీ రుజువు ఎంతెంత కావాలో చూడండి: వీళ్లనేమో ఆచారాలు చూపండి, ఆధారాలు తెండి అంటారు, బ్రిటన్‌కు ఒక్క ‘ఇస్సాకు సన్స్’ సరిపోయింది. పోనీ ఇద్దరి మాటా నిజమేననుకుందాం. అప్పుడు గుంటూరులో శిస్తు వసూలు చేసిన దొరలూ, ఈ పల్లెలో తోలుపని చేసినవాళ్లూ ఒకే తాత మనవలు. ఆ లెక్కన ఉమ్మడి ఆస్తిలో వాళ్ల భాగం ఎప్పుడు పంచుతారో దొరలే చెప్పాలి.