గాలానికి ఎర, ముఖానికి పూత

మొత్తానికి మనవాళ్ళు చేపలు పట్టడం కనిపెట్టారు. అంతకుముందు ఆ పని ఎవరు చేసేవారో తెలియదు గానీ, ఈ ఎండాకాలం నుంచి దానికొక మర్యాద వచ్చింది. ఫోను తెరిస్తే చెరువు గట్టున ఒక శాల్తీ. నెత్తిన టోపీ, టోపీ మీదికి చొక్కాకే కుట్టిన ముసుగు, ముక్కుదాకా లాక్కున్న గొట్టంలాంటి గుడ్డ, వేళ్ళు కత్తిరించిన గ్లోవులు, నీలంగా మెరిసే కళ్ళజోడు. లోపల మనిషి ఉన్నాడనడానికి గొంతొక్కటే ఆధారం. ఆ గొంతు కొరమీను గురించి చెబుతుందేమో అనుకుంటాం. చెప్పదు. "గైస్, గాలం వేసే ముందు ఇది మాత్రం స్కిప్ చేయొద్దు" అంటుంది, ఒక ట్యూబు పైకి లేస్తుంది.

పూసుకోనీ. వాడి తోలు, వాడి డబ్బు. ఎండ ఒంటికి మంచిదని వాదించే పిచ్చి నాకు లేదు. నాకు మండింది ఆ వెంటనే వచ్చే బొమ్మ చూసి. తెర రెండుగా చీలుతుంది. ఒక పక్క ఈ శాల్తీ ముసుగు తీసిన ముఖం, నున్నగా, వెన్న రాసినట్టు. రెండో పక్క ఎవరో ముసలి జాలరి. లోతైన ముడతలు, కమిలిన చెంపలు, పగిలిన పెదాలు. కింద అక్షరాలు: "సన్‌స్క్రీన్ వాడకపోతే ఇంతే!"

ఆ ముసలాయన్ని అడిగారా? ఆయన ముఖాన్ని హెచ్చరిక బోర్డుగా వాడుకుంటున్నామని చెప్పారా? నున్నటి ముఖానికి కంపెనీ డబ్బులిస్తుంది. ఆ ముడతల ముఖానికి ఎవరిచ్చారు? ఆయన పట్టుకొచ్చిన కోనాము ముక్కలు ఆదివారం వేపుడులో కావాలి, ఆయన మొహం మాత్రం భయపెట్టడానికి కావాలి. ముందు ఆ ఫొటో తీసెయ్యండి. తర్వాత మాట్లాడుకుందాం.

ఇక పూత సంగతి. మా మేనల్లుడు గచ్చిబౌలిలో ఉద్యోగం, శనివారాలు గాలం. వాడు తెచ్చిన ట్యూబు మీద "వాసన లేనిది" అని ప్రత్యేకంగా రాసి ఉంది. ఎందుకురా అంటే, "మావయ్యా, చేతికున్న క్రీము వాసన ఎరకు అంటితే చేప దగ్గరికి రాదు" అన్నాడు. నేను నవ్వబోయాను. వాడు నవ్వలేదు. విదేశాల్లో గాలం వేసేవాళ్ళు ఈ విషయం మీద పెద్ద పెద్ద చర్చలే చేస్తారట. అరచేతికి తగలకుండా మణికట్టుతో పూసుకోవడం, పూసుకున్నాక చేతులు చెరువులోని మట్టితోనే కడుక్కోవడం, ఆ తర్వాతే ఎర ముట్టుకోవడం. పెళ్ళిపీటల మీద కూడా ఇంత మడి ఉండదు.

చేప ముక్కుకు శక్తి లేదని నేననను. జెల్ల, వాలుగ లాంటి మీసాల చేపలకు నోట్లోనే కాదు, ఒళ్ళంతా రుచి తెలిసే మొగ్గలుంటాయి. ఈదుకుంటూ పోతూ నీళ్ళను ఒంటితో చవిచూస్తాయి. అంత సున్నితమైన జీవికి తన సన్‌స్క్రీన్ వల్ల మనస్తాపం కలగకూడదని మా వాడి తాపత్రయం. ఆ చేపనే ఇంకో క్షణంలో దవడకు ఇనప కొక్కెం గుచ్చి పైకి లాగుతాడనుకోండి. లాగేటప్పుడు మాత్రం సువాసనలతో ఇబ్బంది పెట్టడు.

అదే ట్యూబు మీద ఇంకో ముద్ర ఉంది, పగడపు దిబ్బలకు హాని చేయనిదని. హవాయి రాష్ట్రం ఆక్సీబెంజోన్, ఆక్టినోక్సేట్ కలిసిన సన్‌స్క్రీన్ల అమ్మకాన్ని 2021 జనవరి నుంచి ఆపేసింది, తమ సముద్రంలో పగడాలున్నాయి కాబట్టి. మావాడు గాలం వేసేది గుర్రపుడెక్క నిండిన ఊరి చెరువులో. అందులో ఉన్నది ప్లాస్టిక్ కవర్ల దిబ్బ. దానికి ఏ క్రీమూ హాని చేయలేదు.

చేప ముక్కుకు ఒక ట్యూబు, పగడానికి ఒక ముద్ర. బాగుంది. చేపలు పట్టడమే బతుకైన మనిషికి ఏముందని ట్యూబు వెనకాల వెతికాను. మూడు భాషల్లో సూచనలున్నాయి. "ఉదయం పది నుంచి సాయంత్రం నాలుగు వరకు ఎండలోకి వెళ్ళకండి." "ప్రతి రెండు గంటలకూ మళ్ళీ పూసుకోండి." "నీళ్ళలో తడిస్తే వెంటనే పూసుకోండి." బంగారంలాంటి సలహాలు. ఉప్పాడలోనో పూడిమడకలోనో తెల్లవారుజామున ఫైబర్ పడవ తోసుకుని పోయినవాడు పది కాగానే పడవను నడిసముద్రంలో ఆపి, ఇంటికి నడిచి రావాలి కాబోలు.

లెక్క కూడా వేద్దాం. సన్‌స్క్రీన్‌కు ఎస్‌పీఎఫ్ అంకె వేసేది చదరపు సెంటీమీటరుకు రెండు మిల్లీగ్రాముల చొప్పున దట్టంగా పూసి పరీక్షించాక. అలా పూస్తే ఎస్‌పీఎఫ్ 30 దాదాపు 97 శాతం, 50 దాదాపు 98 శాతం యూవీ-బి కిరణాలను ఆపుతాయి. పలచగా పులుముకుంటే ట్యూబు మీది అంకె ట్యూబు మీదే ఉంటుంది. పెద్దమనిషి ఒళ్ళంతటికీ ఒక్కసారికి 30 గ్రాములకు పైనే కావాలి. మన జాలరి లుంగీ ఎగగట్టుకున్నాడు కాబట్టి 20 గ్రాములనుకుందాం. పొద్దు పొడిచింది మొదలు ఒడ్డు చేరేదాకా ఆరు గంటలు, మూడు పూతలు, 60 గ్రాములు. యాభై గ్రాముల ట్యూబు 500 రూపాయలైతే రోజుకు 600. ఏటా ఎండాకాలంలో వేట నిషేధం నడిచే 61 రోజులకు గాను ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం 2025 నుంచి జాలరి కుటుంబానికి 20,000 ఇస్తోంది. ఆ సొమ్ముతో ఒక్క మనిషికి ముప్పై మూడు రోజుల క్రీము వస్తుంది. ఇంట్లో ఇద్దరు వేటకు పోయేవాళ్ళుంటే పదహారు రోజులు. బియ్యం సంగతి ట్యూబు మీద రాయలేదు.

ట్యూబు మీది ఎస్‌పీఎఫ్ అంకె నిజమో కాదో కూడా చూసుకోవాలి. నీ యాభై యాభై కాదంటే నీది కాదని రెండు పెద్ద కంపెనీలు 2025లో కోర్టుల దాకా పోయాయి.

నీళ్ళు ఎండను రెట్టింపు చేస్తాయని ఇంకో భయం అమ్ముతున్నారు. ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్కలో నీటి పైభాగం తిప్పికొట్టే అతినీలలోహిత కిరణాలు పది శాతం లోపే, నురగైతే పాతిక శాతం దాకా. నడినెత్తిన ఉన్నదే చాలినంత ఉంది, కొత్తగా కల్పించక్కర్లేదు.

అసలు గుట్టు ఎక్కడుందంటే, ఈ బేరమంతా జబ్బు గురించి కాదు. "ట్యాన్ పోతుంది", "కాంతి వస్తుంది", "రంగు నిలుస్తుంది". ట్యూబు ముందు వైపు పెద్దక్షరాలు ఇవే. 1975 నుంచి ఈ దేశానికి తెల్లతనం అమ్మిన క్రీము 2020లో పేరులోంచి "ఫెయిర్" తీసేసి "గ్లో" పెట్టుకుంది. సీసా మీద మాట మారింది, కొనేవాళ్ళ భయం మారలేదు. ఇప్పుడు అదే భయానికి టోపీ పెట్టి, గాలం చేతికిచ్చి, చెరువు గట్టున నిలబెట్టారు. ముసలి జాలరి ఫొటోలో వాళ్ళు చూపిస్తున్నది ఎండదెబ్బ కాదు. నలుపు. ఆ ముఖం నల్లగా ఉంది కాబట్టే అది హెచ్చరిక అయింది.

దీనికి ఎదురుగా ఇంకో బృందం తయారు. "మన నల్లతోలుకి ఎండేం చేస్తుందండీ, అదంతా తెల్లోళ్ళ రోగం." నిజంలో సగం ముక్క. మన రంగు కొంత కాపు కాస్తుంది, చర్మ క్యాన్సర్లు మనకు తక్కువే. ఆ కాస్త నిజాన్ని అడ్డం పెట్టుకుని ఇన్నేళ్ళుగా ఎవరూ ఏమీ చేయకుండా తప్పించుకున్నారు.

తోలు సంగతి సరే. కళ్ళో?

ఇక్కడ నాకు వ్యంగ్యం రావడం లేదు. ఏ జాలరిపేటకైనా వెళ్ళి యాభై దాటిన మగాళ్ళ కళ్ళలోకి చూడండి. తెల్లగుడ్డు మీద మొదలై నల్లగుడ్డు మీదికి పాకే ఎర్రని కండ కనబడుతుంది. డాక్టర్లు టెరీజియం అంటారు. ఎండ, గాలి, ఉప్పు కలిసి చేసే పని అది. దాని వెనకే శుక్లాలు. అమెరికాలో చెసపీక్ అఖాతంలో పడవల మీద బతికే 838 మందిని పరీక్షించి హ్యూ టేలర్ బృందం 1988లోనే తేల్చింది, యూవీ-బి ఎక్కువగా పడ్డ కళ్ళకు శుక్లాల ముప్పు ఎక్కువని. మామూలు కళ్ళజోడు, అంచు వెడల్పున్న టోపీ పెట్టుకుంటే కంటికి తగిలేది బాగా తగ్గుతుందని కూడా అప్పుడే తెలుసు. ట్యూబు కాదు. టోపీ, కళ్ళజోడు. కంట్లో క్రీము పూయలేరు కాబట్టి కన్ను గురించి ఎవరూ రీలు తీయరు.

టోపీ సంగతి మనవాళ్ళకు ఒకరు నేర్పాలా? పూరీ తీరంలో యాత్రికుల చెయ్యి పట్టుకుని సముద్రస్నానం చేయించే నోలియాలను చూశారా? నెత్తిన మొనదేలిన తెల్లటి టోపీ, అంచు చుట్టూ దిగి చెవులకూ మెడకూ నీడ. పెంటకటా వాడలో ఉండే ఆ నోలియాలు ఎవరో కాదు, ఆంధ్ర తీరం నుంచి వలస పోయిన తెలుగు జాలర్లే. మా మేనల్లుడి టోపీకి అంచు ముందు మాత్రమే ఉంది. చెవులు కాలుతుంటే దాని మీదికి ముసుగు, ముసుగులో ఉక్కపోస్తుంటే దానికి గాలి రంధ్రాలు, ఆ రంధ్రాలకు అదనపు ధర.

ఎండ మనిషి తోలును ఏం చేస్తుందో వైద్యులు మొదట చదివింది కూడా సముద్రం మీద కూలి చేసేవాళ్ళ ఒంటి మీదే. 1894లో జర్మనీలో పాల్ ఉన్నా అనే చర్మవైద్యుడు ఓడ కళాసుల చర్మం ఎండకు ఎలా చెడి క్యాన్సర్ దాకా పోతుందో రాసిపెట్టాడు. సూర్యుడు మొహమాటంగా కనబడే ఆ జర్మనీయే 2015 నుంచి ఎండలో పనిచేసినవాళ్ళకు వచ్చే కొన్ని చర్మ క్యాన్సర్లను వృత్తిరోగంగా ఒప్పుకుంది. అంటే చికిత్స, పరిహారం పని పెట్టిన వ్యవస్థ బాధ్యత. మెలనోమా కాని చర్మ క్యాన్సర్ల మరణాల్లో దాదాపు మూడింట ఒకటి ఎండలో చేసే పని వల్లేనని ప్రపంచ ఆరోగ్య సంస్థ, అంతర్జాతీయ కార్మిక సంస్థ 2023లో కలిసి చెప్పాయి. పని అన్నారు, గమనించండి. నిర్లక్ష్యం అనలేదు, ట్యూబు కొనకపోవడం అనలేదు.

మన దగ్గర అది తలరాత. చెమటోడ్చే చేతులంటూ వేదిక మీద పొగుడుతారు, ఆ చేతులకు నీడ గురించి వేదిక దిగాక మర్చిపోతారు. వేదికకు మాత్రం షామియానా ఉంటుంది.

ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా తూర్పు తీరంలో ఇంజను పడవల వేట బందు. మండే ఎండల్లో పాపం వాళ్ళకు విశ్రాంతేగా అని ఒక పెద్దాయన నాతోనే అన్నాడు. వేట బందు, పని బందు కాదండీ. వలలు ఇసక మీద పరిచి చిరుగులు అల్లుకునేది అప్పుడే, పడవ బోర్లించి మరమ్మతు చేసుకునేది అప్పుడే. చాలా రేవుల్లో ఆ ఇసక మీద నీడంటే పడవ కింద పడే నీడే. ఇంక ఆడవాళ్ళకు ఏ నిషేధమూ లేదు. కవ్వళ్ళు, నెత్తళ్ళు ఎండబెట్టాలంటే ఎండ ఎంత మండితే అంత మంచిది. చేప ఎండేంతసేపూ కాకుల్ని తోలుతూ, తిరగేస్తూ పక్కనే నిలబడ్డ మనిషి కూడా ఎండుతుంది. తల మీద చీరకొంగు, అంతే. ఈ చేపలకు వాసన ఎక్కువ కాబట్టి రీళ్ళలోకి రావు.

నడిసముద్రంలో వల లాగేవాడికి గొడుగు పట్టమని నేనడగడం లేదు. పడవ మీద కప్పేస్తే వల తిరగదు, గాలి లాగేస్తుంది, అది వాళ్ళకు తెలుసు. ఒడ్డున ఏం అడ్డం? రేవు రేవుకీ వలలు అల్లుకునే షెడ్డు. చేపలు ఎండబెట్టే చోట నలుగురు ఆడవాళ్ళు కూర్చునే పందిరి. ఏడాదికోసారి కళ్ళ డాక్టరు పేటకే రావడం. ఒక వెడల్పు అంచు టోపీ, ఒక మంచి కళ్ళజోడు. పొడుగు చేతుల ముదురు రంగు చొక్కా. ఒంటి మీది పల్చటి తెల్ల బనీను తడిస్తే ఎండను ఆపేది నామమాత్రం. ఇందులో ఏదీ రాకెట్టు కాదు.

నాకున్న భయం వేరే. ఈ మోజు చూసి ఏ అధికారికో హఠాత్తుగా జాలి పుడుతుంది. జాలర్లకు ఉచిత సన్‌స్క్రీన్ అని పథకం వస్తుంది. ట్యూబు మీద నాయకుడి నున్నటి ముఖం, కింద గడువు తేదీ. షామియానా కింద నలుగురికి పంచి ఫొటో దిగి, మిగతా పెట్టెలు గోదాములో ఎండకే కరిగిపోతాయి. అయ్యా, ఆ ట్యూబు వద్దు. ఆ డబ్బుతో రేవుల్లో రేకుల షెడ్లు వేయించండి. రేకు మీద మీ బొమ్మ ఎంత పెద్దదైనా వేసుకోండి. బొమ్మ ఎంత పెద్దదైతే కింద అంత నీడ.