కుక్కపిల్లకు టీకా

మూలం: “నాన్నా! దసరా సెలవులేగా, ఓ కుక్కపిల్లని తెచ్చుకుందాం. నేనే చూసుకుంటా!”

అవతారిక: హైదరాబాదులో మూడో అంతస్తు ఫ్లాటు. బడికి సెలవులిచ్చిన సాయంత్రం, పుస్తకాల సంచీ ఇంకా వీపు మీద ఉండగానే తొమ్మిదేళ్ళ మా అబ్బాయి పలికిన వాక్యమిది.

ప్రతిపదార్థం: నాన్నా = డబ్బులిచ్చువాడా; దసరా సెలవులేగా = రెండు వారాలైనా నిండని తీరిక కలదు గదా; ఓ = ఒకే ఒక్క (దైన్యసూచకం); కుక్కపిల్లని = చెప్పులు కొరుకుటకు పాలపళ్ళతో సిద్ధముగా నున్నదానిని; తెచ్చుకుందాం = నీవు తెమ్ము; నేనే = అమ్మయే; చూసుకుంటా = దీనికి వేరే వ్యాఖ్య కావాలి.

“నేనే”లో ఏకారం అవధారణార్థకం. అయితే “హోంవర్కు నేనే చేసుకుంటా”, “పక్క నేనే మడుస్తా” వంటి పూర్వప్రయోగాలను బట్టి ఇక్కడ “అమ్మ” అనే కర్తను అధ్యాహారం చేసుకోక తప్పదు. “చూసుకుంటా” శ్లేష. పిల్లవాడి పక్షంలో కళ్ళతో చూడడం. అమ్మ పక్షంలో రాత్రి మూడింటికి లేచి, బాల్కనీలో పరిచిన పాత పేపర్ల మీదికి దాన్ని మోసుకెళ్ళి, అది పని కానిచ్చేదాకా చలిలో నిలబడడం. రెండు నెలల పిల్ల ఉచ్చ ఆపుకోగలిగేది రెండు మూడు గంటలే మరి.

తాత్పర్యం: సెలవుల్లో ఇంటినిండా మనుషులుంటారు, త్వరగా మచ్చికవుతుందని పూర్వపక్షం. నిజమే, మచ్చికవుతుంది. బడి తెరిచిన రోజు ఆ మనుషులందరూ ఒక్కసారే మాయమవుతారు. అప్పుడు కుక్కపిల్ల ఏడుపు వినే భాగ్యం పక్క ఫ్లాటు వాళ్ళది.

విశేషాలు: విజయదశమి వెళ్ళిన 20వ తిథి దీపావళి అమావాస్య. మూడో వారం నుంచి మూడో నెల దాకా కుక్కపిల్ల లోకంతో పరిచయం పెంచుకునే వయసు. అప్పుడు పట్టిన భయం ఓ పట్టాన వదలదు. ఆ లోకాన్ని లక్ష్మీబాంబుతో పరిచయం చేయడం భావ్యమా?

అమ్మేవాడు “45 రోజుల పిల్ల సార్” అంటాడు గర్వంగా. 2017 నాటి కేంద్ర నిబంధనల ప్రకారం 8 వారాలు నిండందే అమ్మకూడదు. తగ్గిన ఆ 11 రోజుల్లోనూ తోబుట్టువులతో కొరుకులాడి, ఎంత గట్టిగా కరిస్తే నొప్పో నేర్చుకునేది. నేర్పేవాళ్ళు లేకపోతే ఆ పాఠం మన మడమల మీద నడుస్తుంది.

ఈ వాక్యానికి ఒక్క టీకా చాలింది. పిల్లకు చాలదు. పార్వో, డిస్టెంపర్లకు 6–8 వారాలప్పుడు మొదలుపెట్టి మూడు నాలుగు వారాలకొకటి చొప్పున నాలుగో నెల దాకా వేయించాలి, మూడు నెలలు నిండాక రేబిస్‌ది. అవి అయ్యాయని ఊపిరి పీల్చుకునేలోగా సంక్రాంతి, ఊరి ప్రయాణం.

కాబట్టి సంక్రాంతి వెళ్ళాక, ఏ పండగా లేని మామూలు వారం చూసి తెద్దామని సిద్ధాంతీకరించాను.

పాఠాంతరం: “నేను కూడా చూసుకుంటా” అని మూలకర్తే నిన్న సవరించాడు. ఇదే సాధుపాఠం. ఎలాగంటే, ఇందులో

(ఇక్కడ గ్రంథపాతం. కాగితం మూల నమిలి ఉంది. అంచున చిన్న చిన్న పళ్ళగాట్లు.)