మారుతికి బోదకాలు

మురుగు కాలవ పక్కన కాపురముంటే దోమ కుట్టి బోదకాలు వస్తుందని మా అమ్మమ్మ భయపెట్టేది. హైదరాబాదు కృష్ణానగర్‌లో ఇన్నేళ్లుగా ఉంటున్నా నా కాళ్లు బాగానే ఉన్నాయి. మా సందులో ఓ కారుకు మాత్రం వచ్చేసింది. తెల్ల మారుతి 800. పైన చూస్తే ఏ లోపమూ లేదు. అద్దం మీద వెంకన్న స్టిక్కరు, సీటు కుట్టు ఊడి స్పాంజి బయటికొచ్చింది, అంతే. కిందికి చూస్తేనే గుండె గుభేలుమంటుంది. నాలుగు కాళ్లూ వాచిపోయి, గడ్డలు కట్టి ఉన్నాయి. ఏటీవీ టైర్లట. బురదలోనూ ఇసుకలోనూ గుట్టల మీదా దూకుతుందే, సైకిలు హ్యాండిలు పెట్టిన నాలుగు చక్రాల బండి, దానికి వేసేవి.

కారుగలవాడు కుర్రాడే. భీమవరం నుంచి హీరో అవుదామని వచ్చాడు, జూనియర్ ఆర్టిస్టయ్యాడు, ఇప్పుడు డిస్కషన్స్‌లో ఉన్నాడు. మాది సినిమా పేట, పని లేదని ఎవరూ అనరు, డిస్కషన్స్‌లో ఉన్నామంటారు.

"ఎందుకు బాబూ ఈ టైర్లు?" అన్నాను.

"బుజ్జిని చూళ్లేదా అంకుల్?"

చూశాను. 2024 మేలో రామోజీ ఫిల్మ్ సిటీలో ప్రభాస్ నడుపుకుంటూ వచ్చాడు కదా, 'కల్కి 2898 ఏడీ' సినిమా బండి. మహీంద్రా వాళ్లూ, కోయంబత్తూరు జయం ఆటోమోటివ్స్ వాళ్లూ కూడబలుక్కుని దాన్ని కట్టారు. బరువు ఆరు టన్నులు. మారుతి 800 బరువు 650 కిలోలు. తొమ్మిది మారుతులను కట్టగట్టి తూచినా బుజ్జికి సరితూగవు. పైగా బుజ్జికి ఆ టైర్లు కొలత తీసి చేయించారు. మనవాడివి ఎవరో వాడి వదిలేసినవి. మింగ మెతుకు లేదుగానీ మీసాలకు సంపెంగ నూనె అంటారే, ఆ నూనె కూడా ఇక్కడ సెకండ్ హ్యాండే.

బిగించే రోజు నేనూ అక్కడే ఉన్నాను. మెకానిక్ మాట ఇంకా చెవిలో ఉంది. "గా టైరుకు పన్నెండించుల రిమ్మే, మారుతికి గూడ పన్నెండే. కలిసింది పో అన్నా!" జాతకాలు కలిశాయి, నిజమే. పిల్ల పొడుగు ఎవరూ చూడలేదు. మారుతి సొంత టైరు నిలబెడితే ఇరవై అంగుళాలు, ఇది ఇరవై అయిదు. లోపల పట్టదు, తిప్పితే మడ్‌గార్డుకు రాసుకుంటుంది. అయితేనేం, గ్రైండర్ ఉందిగా! నిప్పురవ్వలు లేచాయి, రేకు తెగింది, రెండు చోట్ల అంచులు కత్తుల్లా మిగిలాయి. పెళ్లికూతురు పొడుగని గుమ్మం పైకొయ్యను కోసేసినట్టు. ఇది చూసి పక్కింటాయన తన నానోకు కూడా వేయమన్నాడు. దాని చక్రానికి ఉన్నవే మూడు బోల్టులని మెకానిక్ చూపించాక సిగ్గుపడి ఊరుకున్నాడు.

టైరు పక్కన ఇంగ్లీషులో ఓ హెచ్చరిక ఉంటుంది. ఎన్.హెచ్.ఎస్. నాట్ ఫర్ హైవే సర్వీస్, అంటే తారు రోడ్డు మీద నడపొద్దని. మనవాడు దాన్ని నేషనల్ హైవే స్పెషల్ అని చదువుకున్నాడు. గాలి దగ్గరా ఇదే తంతు. ఏటీవీ టైరుకు ఆరేడు పాయింట్లు చాలు, కారుకు ముప్పై దాకా కావాలి. బంకులో గాలి కొట్టే పిల్లవాడు "ఎంత పెట్టాలన్నా?" అని అడిగితే మనవాడు ఆకాశంలోకి చూశాడు. ఆ పిల్లవాడు కాస్త దూరం జరిగి కొట్టాడు.

ఇక లెక్కలు. టైరు పెద్దదైంది కాబట్టి ఒక చుట్టుకు బండి పావు వంతు ఎక్కువ దూరం పోతుంది. ఈ సంగతి మీటరుకు ఎవరూ చెప్పలేదు. మీటరులో 48 ఉన్నప్పుడు బండి నిజంగా 60లో ఉంటుంది. పోలీసు కెమెరా చూసేది బండిని, మీటరును కాదు. అలాగే వంద కిలోమీటర్లు తిరిగితే మీటరులో ఎనభయ్యే పడతాయి. అది చూసి కుర్రాడు "మైలేజీ పడిపోయింది, పెట్రోలు కల్తీ" అని బంకువాడి మీదికి పోయాడు. నలభై గుర్రాలకు అటూ ఇటూగా ఉన్న ఇంజను ఆ చక్రాలను ఈడ్చుకుంటూ జూబ్లీహిల్స్ చెక్‌పోస్టు ఎత్తు ఎక్కుతుంటే క్లచ్ ప్లేటు వాసన కృష్ణానగర్ దాకా వస్తోంది. ఉప్మా మాడిందేమోనని మా ఆవిడ రెండుసార్లు స్టవ్వు కట్టేసింది.

ఇన్ని చెప్పినా కుర్రాడి దగ్గర ఒక జవాబుంది. దాన్ని నేను కొట్టిపారేయలేను. "వాన పడితే మీరే చూస్తారు అంకుల్." జూబ్లీహిల్స్ మీద కురిసిన వాన మా సందుల్లోకి దిగి, యూసుఫ్‌గూడ మీదుగా అమీర్‌పేట మైత్రీవనం దాకా తీర్థయాత్ర చేస్తుంది. దారిలో కనిపించిన స్కూటర్లను కూడా వెంటబెట్టుకుపోతుంది. మిగతా రోజుల్లో ఆ దారి గుంతలతో తన అస్తిత్వాన్ని చాటుకుంటుంది. అడవి బండి టైర్లు కావాలనిపించే రోడ్డు నగరం నడిబొడ్డున ఉండటం కుర్రాడి తప్పు కాదు.

తప్పల్లా అవి గట్టెక్కిస్తాయనుకోవడమే. ఈ టైర్లతో కారు లేచేది రెండున్నర అంగుళాలు. మా వరద నడుము లోతు. పైగా ఒక్కో టైరూ గాలి నింపిన బుర్ర. ఈత నేర్చుకునే పిల్లలకు కడతామే, ఎండిన సొరకాయ బుర్ర, అలాంటివి నాలుగు. 650 కిలోల రేకు డబ్బాకు ఇవి కడితే మునగదు, తేలుతుంది. తేలిన కారుకు స్టీరింగు ఎందుకు? 2020 అక్టోబరులో నగరం మునిగినప్పుడు కార్లు బారులు తీరి కొట్టుకుపోవడం టీవీలో చూశాం. టైర్లు చిన్నవై కొట్టుకుపోలేదవి, తేలిక కాబట్టి పోయాయి.

కారును వింతగా చేసే కళ మనకు కొత్తేం కాదు. బహదూర్‌పురాలో సుధా కార్స్ మ్యూజియం ఉంది. దాన్ని పెట్టిన సుధాకర్ గారు వంకాయ కారు చేశారు, టీకప్పు కారు చేశారు. వాటిని లోపల పెట్టి టికెట్టు అమ్ముతున్నారు. వంకాయలో కూర్చుని ఆఫీసుకు పొమ్మని ఎవరికీ చెప్పలేదు. ఆ తేడా తెలిసినవాడు కళాకారుడు. మా పేటలో డిస్కషన్స్ మాత్రమే ఉన్నాయి.

చట్టం సంగతి కూడా చెప్పాను. మోటారు వాహనాల చట్టం 52వ సెక్షను ప్రకారం కంపెనీ ఇచ్చిన వివరాలకు విరుద్ధంగా బండిని మార్చకూడదు. 2019 జనవరిలో సుప్రీంకోర్టు కూడా అదే చెప్పింది. ఆ ఏడాదే చట్టాన్ని సవరించి 182ఏను తిరగరాశారు. అక్రమంగా మార్పు చేసిన యజమానికి ఆరు నెలల దాకా జైలు, లేదా ఒక్కో మార్పుకు అయిదు వేల జరిమానా, లేదా రెండూ. నాలుగు టైర్లు ఒక మార్పా నాలుగు మార్పులా అని కుర్రాడు బేరానికి దిగాడు.

"మరి గుంతలకు సెక్షను లేదా అంకుల్?" అని కూడా అడిగాడు.

ఉంది. అదే సవరణలో 198ఏ. రోడ్డును ప్రమాణాల ప్రకారం వేయని, చూసుకోని అధికారికీ కాంట్రాక్టరుకూ లక్ష రూపాయల దాకా జరిమానా. కాకపోతే దానివల్ల ఎవరైనా చచ్చిపోవాలి, లేదా కాలో చెయ్యో పోవాలి. మారుతి కాళ్లు లెక్కలోకి రావు.