చెవి నదిలో, నేను వంతెన మీద

మా వంశంలో పనిలేనివాళ్లు లేరు. ధాన్యపు గదికి, నగల పెట్టెకి, కొట్టు షట్టరుకి, ఏదీ దొరక్కపోతే సైకిలు చక్రానికైనా కాపలా కాశారు. లోపల ఏదో ఒకటి ఉంటేనే తాళానికి మర్యాద. నేనొక్కదాన్నే పుట్టిన దగ్గర్నుంచీ గాలికి కాపలా కాశాను.

ఫ్యాక్టరీ ముచ్చట్లు చెప్పి విసిగించను. పైన ఇత్తడి పూత, లోపల నాసిరకం స్ప్రింగులు, జతగా రెండు చెవులు, అంతే. ఊహ తెలిసేసరికి ప్యారిస్‌లో సీన్ నది ఒడ్డున, ఓ కుర్రాడు పట్టుకున్న ఇనప రింగుకి నాలాంటి వాళ్లతో కలిసి వేలాడుతున్నాను. ఎదురుగా పోన్ దెజార్ వంతెన. కార్లు తిరగవు, మనుషులే నడుస్తారు. ఒక కొసన లూవ్ర్ మ్యూజియం, రెండో కొసన ఫ్రెంచి అకాడమీ కొలువుండే గుమ్మటం మేడ. నెపోలియన్ కాలంలో, 1804లో పూర్తయిన ఆ పాత వంతెన ప్యారిస్‌లో మొట్టమొదటి ఇనప వంతెన. సరుకు పడవ గుద్ది 1979లో కూలితే, 1984 నాటికి మళ్లీ కట్టారు. రెండు పక్కలా ఇనప జాలీ. ఆ జాలీయే కొంప ముంచింది.

వంతెనలకి తాళాలు బిగించే ఈ పిచ్చి పుట్టింది మాత్రం ప్యారిస్‌లో కాదు. ఇటలీ రచయిత ఫెదెరికో మొచ్చా 2006లో ఓ నవల రాశాడు. అందులో ప్రేమికులు రోమ్‌లోని మిల్వియో వంతెన మీద దీపస్తంభానికి తాళం బిగించి, చెవిని నదిలోకి విసిరేస్తారు. చదివినవాళ్లు ఊరుకుంటారా? మరుసటి ఏడాదికే బరువెక్కి ఆ స్తంభం కొంత విరిగింది. 2008 ప్రాంతంలో ఆ గాలి ప్యారిస్‌కీ సోకింది.

నన్ను కొన్న జంట బేరమాడలేదు. ప్రేమలో ఉన్నవాళ్లు ఆడరని ఆ కుర్రాడికి బాగా తెలుసు. అమ్మాయి మార్కర్‌తో నా పొట్ట మీద రెండు అక్షరాలు రాసి, మధ్యలో గుండె బొమ్మ గీసింది. అబ్బాయి నన్ను జాలీకి తగిలించి టక్కున నొక్కాడు. ఇద్దరూ చేతులు కలిపి నా చెవులు రెంటినీ నదిలోకి విసిరారు. ఫోటో సరిగ్గా రాలేదట. వట్టి చేతులు ఊపుతూ ఇంకోసారి విసిరినట్టు నటించారు. అంతలో లూవ్ర్ టికెట్ టైము దాటిపోతోందంటూ పరుగు. మోనాలిసా ముందు జనంలో నిలబడాలి, సాయంత్రం ఐఫెల్ టవర్ ఎక్కాలి, మర్నాడు విమానం. వాళ్ల హడావిడి వాళ్లది.

మీ గుళ్ల దగ్గర చెట్టుకి ముడుపు కట్టినవాళ్లు మొక్కు తీరాక వచ్చి విప్పుకుంటారు. నావాళ్లు విప్పుకునే దారే లేకుండా చేసి మరీ పోయారు.

మార్కర్ రాత మొదటి చలికాలానికే వెలిసిపోయింది. ఎవరి ప్రేమకి సాక్ష్యమో అడిగితే నా దగ్గర జవాబు లేదు. జాలీలో చోటు చాలక నా కొక్కేనికే ఇంకో తాళం బిగించారు, దానికి మరొకటి. వెనకున్న నది కనపడకుండా పోయింది. వాన నీళ్లు మా సందుల్లోనే నిలిచేవి. తుప్పు మాత్రం అందరికీ సమంగా పట్టింది, పెళ్లి చేసుకున్నవాళ్ల తాళానికీ విడిపోయినవాళ్ల తాళానికీ. 2014 జూన్‌లో ఓ సాయంత్రం జాలీ పలక ఒకటి మా బరువు తాళలేక కూలిపోయింది. అదృష్టం బాగుండి ఎవరికీ దెబ్బ తగల్లేదు. తిట్లన్నీ మాకే. అందమైన వంతెనని పాడుచేశామట! మా అంతట మేము నడిచొచ్చి వేలాడినట్టు.

2015 జూన్ 1న పనివాళ్లు వచ్చి జాలీలను పలకలు పలకలుగా ఊడదీసి లారీలకెత్తారు. దాదాపు పది లక్షల తాళాలన్నారు, 45 టన్నుల బరువు. ఇప్పుడక్కడ గాజు పలకలు. గాజుకి మమ్మల్ని తగిలించలేరు.

ఇక గోడౌన్ బతుకు. వంతెన మీద ఉన్నన్నాళ్లూ కనీసం ఎవరో ఒకరు వంగి మా మీది పేర్లు చదివేవారు. ఇక్కడ చీకటి, దుమ్ము, అప్పుడప్పుడు లెక్క చూసుకునే మనిషి. పదిలక్షల "ఎప్పటికీ"లు ఒకచోట పోగుపడితే చివరికి అడిగేది బరువే. నావాళ్లు వెతుక్కుంటూ వస్తారేమోనని కొన్నాళ్లు చూశాను. వచ్చినా ఆ గుట్టలో నన్నెలా పోల్చుకుంటారు?

2017 మేలో నగరంవాళ్లు మాలో కొందరిని వేలం వేశారు. శరణార్థులను ఆదుకునే సంస్థలకి రెండున్నర లక్షల యూరోల దాకా వచ్చాయి. పుట్టాక నావల్ల ఎవరికైనా ఉపకారం జరిగిందంటే అదొక్కటే. కాస్త గర్వంగానే ఉంది.

జాలీ ముక్కతో సహా నన్ను కొన్నావిడ హాల్లో అలంకారంగా పెట్టుకుంది. వచ్చిన చుట్టాలందరికీ "ఇవి ఇక తెరుచుకోవు, చెవులు నది అడుగున ఉన్నాయి" అని చెప్పి మురిసిపోయేది. ఓసారి వీధి తలుపు గడియ బాగుచేయడానికి తాళాలు చేసే ముసలాయన వచ్చాడు. ఆవిడ కాఫీ కలుపుతుంటే నన్ను అటూ ఇటూ తిప్పి చూశాడు. జేబులోంచి సన్నటి తీగ తీసి, నాలుగు చుక్కలు నూనె వేసి, రెండుసార్లు కదిపాడు. తెరుచుకున్నాను. మళ్లీ నొక్కేసి, గడియ కూలి మాత్రం తీసుకుని వెళ్లిపోయాడు. ఆవిడ ఇప్పటికీ చుట్టాలకి ఆ మాటే చెబుతోంది.