పద్దు తప్పలేదు

నేను అరువు పద్దుల పుస్తకాన్ని. పొడుగు కాగితాలు, ఎర్రగుడ్డ అట్ట. జగ్గయ్యపేట బజారులో ఒక కిరాణా కొట్టు గల్లాపెట్టె పక్కన నా కాపురం. మా యజమానికి డెబ్బై దాటాయి. ఎవరు, ఏ ఊరు, ఎంత బాకీ, ఎప్పుడిస్తానన్నాడు, అన్నీ ఆయన చేతిరాతతోనే నాలో పడతాయి. పత్తి, మిర్చి డబ్బులు చేతికందాక రైతులు వచ్చి తీరుస్తారు. అప్పుడు ఆ పద్దు కొట్టేస్తారు.

ఈమధ్య కొడుక్కి ఒక దిగులు పట్టుకుంది. చిల్లకల్లు నుంచి ఏళ్ల తరబడి వస్తున్న రైతు ఎదురుగా నిలబడినా నాన్నకు పేరు తట్టలేదు. "రావయ్యా, కూర్చో" అంటూ మాట సాగదీసి నా పేజీలు తిప్పారు. కూడిక మధ్యలో ఫోను మోగితే మళ్లీ పైఅంకె నుంచి మొదలెట్టారు. కళ్లజోడు నా మీదే పెట్టి కొట్టంతా వెతికారు.

"నాన్నా, ఒకసారి నందిగామలో డాక్టరుకి చూపిద్దాం."

"నాకేం రోగంరా? సరే పద. ఆ పుస్తకం కూడా సంచిలో పెట్టు."

డాక్టరు మామిడికాయ, తాళం, ఏనుగు అని మూడు మాటలు చెప్పి గుర్తుంచుకోమన్నారు. వందలోంచి ఏడేడు తీసేస్తూ రమ్మంటే మా యజమాని నిదానంగా 93, 86, 79, 72, 65 అన్నారు. ఏ జిల్లా అని అడిగితే "కృష్ణా జిల్లా" అనేసి, వెంటనే "ఉండండి, 2022లో మనల్ని ఎన్టీఆర్ జిల్లా చేశారుగా" అన్నారు. డాక్టరు నవ్వేశారు. కాసేపాగి ఆ మూడు మాటలూ అడిగితే రెండే వచ్చాయి. "మూడోది ఒక జంతువు" అని అందించగానే "ఏనుగు!" అన్నారు.

తర్వాత నన్ను తెరిచారు. అక్షరాలు కాస్త వణికాయి గానీ మొత్తాలన్నీ సరిపోయాయి.

"వయసుతో మెదడు వేగం తగ్గుతుంది. పేర్లు ఆలస్యంగా తడతాయి, ఒకేసారి రెండు పనులు కష్టమవుతాయి. ఇలా కాస్త అందిస్తే గుర్తొస్తోందంటే విషయం లోపల ఉన్నట్టే. అనుభవం, మాటల సంపద చాలాకాలం చెక్కుచెదరవు" అన్నారు డాక్టరు.

ఆ మాటకు నేనే సాక్ష్యం. ఎవరికి అరువివ్వాలో, ఎవరికి కూడదో ఆయన అంచనా ఈనాటికీ తప్పలేదు. నా పేజీల్లో మొండిబాకీలు వేళ్ల మీద లెక్కపెట్టొచ్చు.

"తీరిన బాకీ మళ్లీ మళ్లీ అడగడం, రోజూ నడిచే బజారులో దారి తప్పడం, డబ్బు లెక్క బొత్తిగా అంతుపట్టకపోవడం, ఇవి మొదలైతే డిమెన్షియా, అంటే జ్ఞాపకం, ఆలోచన క్షీణించే జబ్బేమోనని అనుమానించాలి" అని డాక్టరు కొడుకుతో చెప్పారు. 2023లో వెలువడిన అధ్యయనం ప్రకారం మన దేశంలో అరవై దాటినవాళ్లలో 7.4 శాతం మందికి డిమెన్షియా ఉందట. మతిమరుపుకు బీ12 లోపం, థైరాయిడ్, చెవుడు, దిగులు, నిద్రమాత్రలు కూడా కారణం కావచ్చని, కొన్నింటిని సరిచేస్తే తేడా కనిపిస్తుందని అన్నారు. రక్తపరీక్షలు రాశారు. బీపీ, షుగరు అదుపులో ఉంచుకోమన్నారు.

మా యజమాని కొందరు బేరగాళ్లతో ఉర్దూలో మాట్లాడతారని తెలిసి డాక్టరు ఇంకో సంగతి చెప్పారు. హైదరాబాద్ నిమ్స్‌లో డాక్టర్ సువర్ణ అల్లాడి బృందం 648 మంది డిమెన్షియా రోగుల వివరాలు పరిశీలించి 2013లో ప్రచురించింది. ఒకే భాష వచ్చినవాళ్ల కంటే రెండు, అంతకుమించి వచ్చినవాళ్లకు జబ్బు లక్షణాలు సగటున నాలుగున్నరేళ్లు ఆలస్యంగా మొదలయ్యాయి. చదువురానివాళ్లలోనూ ఆ తేడా కనిపించింది. తర్వాత వేరేచోట్ల జరిగిన అధ్యయనాలన్నీ ఇదే మాట చెప్పలేదు గానీ, నలుగురితో మాట్లాడుతూ లెక్కలు చూసుకుంటూ ఉండటం మంచిదేనన్నారు.

"అయితే కొట్టు మానెయ్యక్కర్లేదుగా?" అన్నారు మా యజమాని. అక్కర్లేదన్నారు డాక్టరు.

ఆ మర్నాడే మళ్లీ గల్లాపెట్టె దగ్గర కూర్చున్నారు. ఇప్పుడు రైతు మెట్లెక్కుతుండగానే కొడుకు పేరుపెట్టి పిలుస్తాడు, తండ్రి అందుకుంటారు. కూడిక వేసేటప్పుడు ఫోను కొడుకే ఎత్తుతాడు.

మీ ఇంట్లో పెద్దలు పేరు మరిచిపోతే నవ్వకండి, ఒక మాట అందించి ఆగండి. రాసుకుంటామంటే రాసుకోనివ్వండి. తెలిసిన దారులు, లెక్కలు తప్పుతుంటే మాత్రం వయసు మీద పడిందని సరిపెట్టుకోకుండా డాక్టరు దగ్గరికి తీసుకెళ్లండి.