తాళంచెవి ఎవరి దగ్గరుందండీ?

ఆసుపత్రుల నాణ్యతకు మార్కులు వేసే మహారాజశ్రీ అసెసర్ గారి దివ్య సముఖమునకు, జిల్లా ఆసుపత్రి ఆడవాళ్ళ ఎముకల వార్డు, పదకొండో మంచం పేషెంటు తాలూకు మనిషి అనేక నమస్కారములు చేసి వ్రాసుకొను విన్నపము.

తమరు మొన్న మంగళ, బుధవారాల్లో వేంచేసి మా వార్డును పావనం చేశారు. ఫినాయిల్ ఘాటుకు దోమలు కూడా డిశ్చార్జి అయిపోయాయి. అమ్మ మంచం మీదికి మడత నలగని తెల్ల దుప్పటి వచ్చింది. బాత్రూంలో కొత్త కుళాయి, కొత్త బకెట్టు, సబ్బు పెట్టారు. పెట్టి, తాళం వేశారు.

తాళం, సార్! తమరు చూసేదాకా మాసిపోకూడదని! తుంటి ఆపరేషనై ఆరు రోజులైన మా అమ్మ, డెబ్భై రెండేళ్ళ మనిషి, వాకర్ పట్టుకుని వరండా ఆ చివరిదాకా వెళ్ళాలి. వెళ్ళలేక రెండు రోజులు మంచినీళ్ళు తాగడం మానేసింది. అడిగితే, "వాళ్ళు వెళ్ళేదాకా ఓర్చుకోండమ్మా" అన్నారు.

తమరొచ్చాక తలుపు తీశారు. మెరిసింది. మెరవక? వాడితే కదా! ఎన్‌క్వాస్‌లో అంటే తమరి నాణ్యత తనిఖీలో ఒక్కో అంశానికి సున్నా, ఒకటి, రెండు వేస్తారటగా, నిండుగా రెండూ పడే ఉంటాయి. మీ వెనక నుంచి నేనూ తొంగి చూశాను. తలుపు వెనక చార్టులో, పొద్దున పదింటికే సాయంత్రం నాలుగింటి సంతకం ఉంది. ఆ ముందుచూపుకు ఇంకో రెండు వేయాల్సింది.

తర్వాత అమ్మను అడిగారు: "ఏమ్మా, అంతా బాగుందా?" మీకు అటు సూపరింటెండెంటు గారు, ఇటు హెడ్ నర్సు. "బాగుంది బాబూ" అంది. ఏమంటుంది మరి? మీరు సాయంత్రం కారెక్కుతారు. ఆవిడ రాత్రికి ఇక్కడే సూది వేయించుకోవాలి.

సిస్టర్లను అననండీ. రాత్రిపూట వార్డంతటికీ ఒక్కరే. వారంగా ఆ ఒక్కరూ రిజిస్టర్లే రాస్తున్నారు. గోడకు కొత్త పోస్టరు: ప్లాన్, డూ, చెక్, యాక్ట్ అని నిరంతరం గుండ్రంగా తిరిగే చక్రం. చక్రం తిరగని మా స్ట్రెచర్ని మాత్రం స్టోర్ రూంలో దాచారు. దాన్ని తోసినందుకు నేనిచ్చిన వంద రూపాయలు ఏ కాలమ్‌లో రాసుకున్నారో!

70 శాతం వస్తే సర్టిఫికెట్టు, అది 3 ఏళ్ళు చెల్లుతుంది. జిల్లా ఆసుపత్రికి మంచానికి ఏడాదికి 10,000 రూపాయలు. రావాలి, రానివ్వండి. కానీ 3 ఏళ్ళంటే వెయ్యికి పైగా రోజులు. తమరు చూసినవి రెండు. నిరంతరం అంటే ఆ మిగతావి కాదటండీ?

గురువారం పొద్దున్నే తెల్ల దుప్పటి పట్టుకుపోయారు. మళ్ళీ వేసిన తాళం మాత్రం తియ్యలేదు. ఈసారి శుభ్రతకు మార్కులు వేసే కాయకల్ప వాళ్ళు వస్తారట.

సార్, వెటకారం ఇక నా వల్ల కాదు. చేతులు జోడించి అడుగుతున్నా. ఒక్కసారి చెప్పకుండా రండి. ఆదివారం రాత్రి రెండింటికి రండి. ఫైళ్ళు అడక్కండి. బాత్రూంకి వెళ్ళాలి, తాళంచెవి ఎవరి దగ్గరుందని అడగండి. అది దొరికేసరికి ఎంతసేపైందో రాసుకోండి. అంతకుమించి కొలవక్కర్లేదు.

ఇప్పుడు రాత్రి పదకొండు దాటింది. అమ్మ పిలుస్తోంది. వరండా చివరిదాకా వెళ్ళాలి.

ఇట్లు,
పదకొండో మంచం తాలూకు