సెంటినరీ కాలనీ రాగితీగల జంట కథ

రామగిరి మండలం సెంటినరీ కాలనీలో, సింగరేణి క్వార్టర్ల పక్కన నేలలో ఉన్న ఈ రాగితీగల జంట మొదట మాటలు మోయడానికే పుట్టింది. దేశంలో 2005లో బీఎస్ఎన్ఎల్ బ్రాడ్‌బ్యాండ్ మొదలయ్యాక, మాటలకు కావలసిన 4 కిలోహెర్ట్జ్‌కు పైనున్న పౌనఃపున్యాల మీద సమాచారాన్ని పంపే డీఎస్ఎల్ భారం కూడా ఇటువంటి జంటల మీదే పడింది. డీఎస్ఎల్‌లో ఒక రకమైన ఏడీఎస్ఎల్2+లో 2.2 మెగాహెర్ట్జ్ వరకు ఉన్న మేరను 512 పాయలుగా విడదీసి, ఏ పాయ ఎన్ని బిట్లు మోయగలదో మోడెములే తేల్చుకుంటాయి.

ఈ జంట ఆరోగ్యం మోడెమ్ చూపే అంకెల్లో తెలుస్తుంది. దారిలో సంకేతం పోగొట్టుకునే బలం అటెన్యుయేషన్. రొదను తట్టుకున్నాక ఇంకా మిగిలే వెసులుబాటు ఎస్ఎన్ఆర్ మార్జిన్, దానికి సాధారణంగా 6 డెసిబెల్స్ లక్ష్యంగా పెడతారు. వీటిలో ఏ ఒక్కదాన్నో చూసి తీర్పు చెప్పడం తొందరపాటే. అటెన్యుయేషన్ కదలకుండా మార్జిన్ మాత్రమే పడిపోతే రొద బయటి నుంచి వస్తున్నదని, ముందుగా ఇంట్లో మాటను, సమాచారాన్ని వేరుచేసే స్ప్లిటర్‌ను, పక్క జంటలను అనుమానించాలని అర్థం. రెండూ కలిసి చెడితే లోపం తీగలోనో జాయింటులోనో ఉండే అవకాశం ఎక్కువ. అయితే ఇక్కడి ఎండలను లెక్కలోకి తీసుకోవాలి: తీగ వేడి 20 డిగ్రీలు పెరిగితే రాగి నిరోధం దాదాపు 8 శాతం పెరుగుతుంది కనుక, మే నెలలో కాస్త పెరిగిన అటెన్యుయేషన్‌ను జబ్బుగా భావించనక్కరలేదు.

వానాకాలంలో వచ్చేది అసలు జబ్బు. ఒకసారి జాయింటులోకి నీరు చేరి రాగికి చిలుము పట్టినప్పుడు ఈ జంటలో ఒక తీగ తెగినట్టే అయింది. ఫోనులో డయల్‌టోన్ పోయినా మోడెమ్ లైటు మాత్రం నెమ్మది వేగంతో వెలుగుతూనే ఉంది. ఒకే దిశలో ప్రవహించే విద్యుత్తుకు దారి మూసుకుపోయినా, అధిక పౌనఃపున్యం ఆ చిన్న ఎడాన్ని కెపాసిటర్‌లా దాటిపోగలగడమే ఇందుకు కారణం. ఇంటర్నెట్ వస్తున్నది కదా, లైను బాగానే ఉన్నదనుకునేవారు ఇక్కడే పొరబడతారు.

మెగ్గర్‌తో ఇన్సులేషన్ నిరోధం కొలిచాక, లైన్‌మన్ టీడీఆర్ పరికరంతో ఒక పల్స్‌ను పంపగా దాని ప్రతిధ్వని 6 మైక్రోసెకన్లకు తిరిగి వచ్చింది. తీగలో సంకేతం మైక్రోసెకనుకు సుమారు 200 మీటర్లు సాగుతుంది కాబట్టి, రానూపోనూ కాలాన్ని సగం చేస్తే లోపం దాదాపు 600 మీటర్ల దూరాన ఉన్నట్టు తేలింది. అక్కడ తవ్వి, చిలుము పట్టిన కొసలను కత్తిరించి, కొత్త కనెక్టర్లతో కలిపి, జెల్లీ నింపి మూసిన తరువాత డయల్‌టోన్ తిరిగి వచ్చింది. మార్జిన్‌ను మాత్రం తరువాతి వాన వెలిశాక మరోసారి కొలిచి చూశారు.